మామగారింట్లో నా చెదల వైద్యం

ఈ కథలో ఒక ఇల్లు కూలబోతుంది. కంగారు పడకండి, ఇల్లంతా కాదు, నేను నిలబడ్డంత మేర మాత్రమే. కానీ అది మా మామగారి ఇల్లు, నాకు పెళ్లయి నాలుగు నెలలు. అంతకన్నా పెద్ద విపత్తు ఏముంటుందో మీరే చెప్పండి.

తొంభైల చివర్లో హోసూరులో చెదల మందు కొట్టే ఒక చిన్న కంపెనీలో చేరాను. బెంగుళూరులో మూడు వారాల ట్రైనింగు ఇచ్చారు. గోడా నేలా కలిసేచోట డ్రిల్లుతో అడుగుకొక రంధ్రం వేయాలి, పంపుతో మందు ఎక్కించాలి, సిమెంటుతో మూసేయాలి. ఇంతే విద్య. అంతమాత్రానికే నేను పెద్ద డాక్టరులా నడిచేవాణ్ణి.

మా మామగారికి మాత్రం ఈ ఉద్యోగం నామోషీ. మత్తూరులో చింతపండు వ్యాపారం చేసే పెద్దమనిషి ఆయన. బంధువులు అడిగితే, "మా అల్లుడు కెమికల్ లైన్లో ఉండాడు" అని, వెంటనే వానల సంగతి ఎత్తేవారు. నాకు ఒళ్లు మండేది. నా పని ఇదీ అని ఆయన నోటితోనే నలుగురిలో గర్వంగా చెప్పించాలని పంతం పట్టాను.

అదృష్టం చూడండి, ఆయన ఇంట్లోనే చెదలు పట్టాయి! దేవుడి గది ద్వారబంధం సగం తినేశాయి. ఆయన కిరసనాయిలు పోశారు, సున్నం పూశారు. వారం తగ్గడం, మళ్లీ రావడం. అల్లుడిగా నేను బాధపడాలి. ఎగిరి గంతేశాను. ఆదివారం పొద్దున్నే మా ఆవిడను వెంటబెట్టుకుని డ్రిల్లు, పంపు, మందు డబ్బాలతో మత్తూరులో బస్సు దిగాను.

"మూడు గంటల పని మామా. పదేండ్లు చెదలు ఈ వీధిలోకే రావు," అన్నాను.

"చూస్తాం కదప్పా," అన్నారాయన. ఆయన భాషలో ఆ మాటకు నమ్మకం లేదని అర్థం.

మామగారి తల్లి, తొంభై ఏళ్ల అవ్వ, దేవుడి గదిని ఆనుకున్న మూలగదిలో మంచం మీద ఉంది. ఆమెను మంచంతో సహా నడవలోకి మార్పించాను.

"యాడ బొక్కలేస్తావప్పా?" అంది.

"ఈడే అవ్వా, నీ మంచం ఉండిన తావున."

"ఆడొద్దు నాయనా, ఆ నేల కింద..."

"అవ్వా, నేను ట్రైనింగు అయి వచ్చినాను. నేల కింద ఏముంటుందో నాకు తెలుసు."

"తెలిస్తే సరేప్పా," అని అవ్వ వక్కాకు నోట్లో వేసుకుంది.

మొదటి రంధ్రంలో మందు ఎక్కించాను. మామూలుగా కాసేపటికే నిండి పైకి పొంగాలి. ఇది తాగుతూనే ఉంది. ఒక డబ్బా మొత్తం తాగేసింది.

"చూసినారా మామా, ఎంత పెద్ద గూడో!"

"గూడాప్పా, లేకుంటే బావినా?"

ఆ ఎగతాళికి నాకు రోషం వచ్చింది. డ్రిల్లు పట్టుకుని గది నడిమధ్యకు పోయి, ఒళ్లు బరువంతా దాని మీద వేశాను. ధబ్! నా కుడికాలు తొడ దాకా నేలలోకి దిగిపోయింది. ఎడమకాలు పైన మడతపడింది. చేతిలో డ్రిల్లు ఇంకా తిరుగుతూనే ఉంటే, మా ఆవిడ పరుగెత్తి ప్లగ్గు పీకేసింది.

"అయ్యో, ఏమాయె?" అన్నారు మామగారు.

"ఏం లేదు మామా, ఇదీ ఒక పద్ధతే," అన్నాను.

అంతలో కిందనున్న కాలి మీద ఏవో పాకాయి. "అమ్మో, కరుస్తా ఉండాయి!" అని అరిచాను.

"పామా?" అంటూ మామగారు కర్ర తెచ్చారు.

"కొట్టొద్దు మామా, లోపల నా కాలుండాది!"

తండ్రీ కూతుళ్లు చెరో చంకా పట్టుకుని నన్ను ముల్లంగిని పీకినట్టు పీకారు. కాలు బయటికి వచ్చింది. మోకాలి దాకా మట్టి, దాని మీద తెల్లగా వందల చెదలు. ట్రైనింగులో అన్ని చెదల్ని బొమ్మలో కూడా చూపించలేదు. ముందు పోయి కాలు సబ్బుతో కడుక్కున్నాను.

అప్పుడు అవ్వ నోరు తెరిచింది. "అది రాగుల పాతరప్పా. మా మామ కాలంలో గింజలు దాచేదానికి తవ్విన గుంత. రాగులు ఎప్పుడో తీసేసినారు. లోపల గడ్డి, పైన మూసిన చెక్క పలకలు అట్లే ఉండిపాయె. వాటి మీదనే మేస్త్రీ సిమెంటు పూసేసినాడు."

"ముందే చెప్పకూడదా అవ్వా!"

"నీకు తెలుసంటివి కదప్పా."

మామగారు టార్చి వేసి గుంతలోకి చూశారు. చెదలు తినేసి పలకలు అట్టముక్కల్లా అయ్యాయి. గడ్డి నిండా చెదల మట్టిగూళ్లు. ఇల్లంతటినీ తింటున్న దండు అక్కడే కాపురముంది. ఆయన నడవలోని మంచం వైపు తిరిగారు. "ఇంకొక నెల పోయింటే మా అమ్మ మంచంతో సహా..." అంటూ గుంతకేసి చెయ్యి చూపారు. నా భుజం గట్టిగా పట్టుకుని, "బలే పని చేసినావప్పా," అన్నారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఊరుకుంటానా? "మా పద్ధతే అంత మామా," అన్నాను.

రెండు రోజులు పట్టింది. పలకలు, గడ్డి తీసి కాల్చాం. గుంతకు మందు పట్టించి మట్టితో పూడ్చాం. ఇల్లు చుట్టూ, ఈసారి బుద్ధిగా, అడుగుకొక రంధ్రం వేశాను. ఆ ఇంట్లో మళ్లీ చెద కనబడలేదు.

తర్వాత కృష్ణగిరిలో ఒక పెళ్లి. భోజనాల పంక్తిలో ఎవరో నా గురించి అడిగారు. మామగారు వానల జోలికి పోలేదు. పంక్తి మొత్తానికీ వినబడేలా, "మా అల్లుడు చెదలు చంపుతాడప్పా! బెంగుళూరు మిషనుకు దొరకని గూడుని ఒక్క కాలుతో కనిపెట్టినాడు!" అన్నారు. ఆ పూట నేను ఆకులో ఏం తిన్నానో నాకు గుర్తులేదు.

ఆ ఒక్క మాటతో పనులు వరదలా వచ్చాయి. మొదటి పిలుపు ఊత్తంగరై నుంచి. డ్రిల్లు పెట్టె తెరుస్తుంటే ఇంటాయన ఆపాడు.

"మిషను ఎందుకప్పా, అది పక్కన పెట్టు. మీ మామ అంతా చెప్పినాడు. నువ్వు కాలు దించు, చూస్తాం."

మళ్లీ నేలలోకి కాలు దించే ఓపిక నాకు లేదు కాబట్టి, మందు డబ్బా మీద చెయ్యి వేసి మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ ఇంట్లోనూ అవ్వ చెప్పేది పూర్తిగా వినకుండా డ్రిల్లు స్విచ్చి వేయను. ఆ ఇంట్లో అవ్వ లేకపోతే పక్కింటి అవ్వనైనా పిలిపిస్తాను.