గ్లౌజులు ఆలస్యంగా ఇచ్చిన శనివారం

హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్ దగ్గర మా నాయినకు సైకిల్ షాపు ఉండేది. గంటల చొప్పున సైకిళ్లు కిరాయికి ఇచ్చేవాడు, పంక్చర్లు వేసేవాడు. చుట్టూ కాలనీలు లేచి, ఇంటింటికీ మోటారు బండ్లు వచ్చాక షాపు మూసేశాడు. పానాలు, చక్రాలు, చైన్లు మాత్రం ఇంటి వెనక రేకుల షెడ్డులో దాచుకున్నాడు. హైటెక్ సిటీలో నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో సైకిల్ గ్రూపు మొదలైందని చెప్పగానే, చూపు మందగించినా పది రోజులు ఆ షెడ్డులోనే కూర్చుని, మూడు పాత సైకిళ్ల సామాను కలిపి నాకొకటి తయారుచేశాడు. నల్ల ఫ్రేము, ముందు తీగల బుట్ట, గేర్లు లేవు.

"తొక్కి చూడు బిడ్డా, నీళ్ల మీద పోయినట్టు పోతది," అన్నాడు. నిజంగానే అలా పోయింది.

ఆ ఆదివారం పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సైకిల్ ట్రాక్‌కు దాని మీదే వెళ్లాను. గ్రూపుకు కెప్టెన్ మా మేనేజరే. ఒంటికి అతుక్కుపోయిన జెర్సీ, రెండు వేళ్లతో ఎత్తగలిగే సైకిల్. నన్ను చూసి, ముప్పై మందికి వినపడేలా, "ఏంటండీ మేడమ్, రైతుబజారుకని బయల్దేరి ఇటొచ్చేశారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు నన్ను నేను ఈ రోజుకీ క్షమించుకోలేదు.

ఆరో కిలోమీటరు దగ్గర ముల్లు గుచ్చుకుని వెనక టైరు దిగిపోయింది. ఎవరినీ వదిలి వెళ్లకూడదన్నది ఆ గ్రూపు నియమం, రాసిపెట్టుకున్నది అతనే. పంక్చరు సామాను ఉన్న బ్యాగు కూడా అతని దగ్గరే ఉంది. నేను పిలిచాను. అతను వెనక్కి తిరిగి చూశాడు, చెయ్యి ఊపాడు, వెళ్లిపోయాడు. ఏప్రిల్ ఎండలో సైకిల్ నడిపించుకుంటూ ఆరు కిలోమీటర్లు వెనక్కి నడిచాను. షూ లోపల మడమ చిట్లి సాక్సు తడిసింది.

మర్నాడు మీటింగులో, మా ప్రాజెక్టు ఎందుకు ఆలస్యమవుతోందో చెబుతూ అతను నా సైకిల్ ఉదాహరణ ఎత్తుకున్నాడు. "కొంతమంది బుట్ట సైకిల్ మీద రేసుకొస్తారండీ. వాళ్ల కోసం మిగతావాళ్లం ఎంతసేపని ఆగుతాం?" నెలాఖరులో వచ్చిన అప్రైజల్‌లో నా పేరు కింద ఒక వాక్యం రాశాడు: కష్టమైన పరిస్థితులను తట్టుకునే ఓపిక తక్కువ.

ఇంట్లో ఏమీ చెప్పలేదు. సైకిల్ ఎలా నడిచిందని నాయిన అడిగితే మస్తుగా నడిచిందన్నాను. గుండెల్లో మాత్రం ఒక బొగ్గు పెట్టుకున్నాను. దాన్ని ఆరనివ్వకుండా రోజూ ఊదుకున్నాను.

నవంబరులో ఇంగ్లండ్ క్లయింటు దగ్గర మూడు నెలలు ఎవరో ఒకరు ఉండాల్సి వచ్చింది. అక్కడ చలికాలం మొదలవుతోంది, ఊరు చూస్తే ఉత్తరాన ఎక్కడో సముద్రపు ఒడ్డున. అడిగినవాళ్లందరూ ఏదో ఒక కారణం చెప్పి తప్పుకున్నారు. చివరికి అతను నా దగ్గరికి వచ్చాడు. "మీకైతే బాధ్యతలేం లేవు కదండీ, వెళ్లొచ్చేయండి." నాకు పెళ్లి కాలేదన్న మాటను అతను అలా అనేవాడు. వెళ్తానన్నాను.

అక్కడ నేను గది తీసుకున్న ఇంటావిడ అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్లు సైకిల్ మీద ఉత్తరాలు పంచి రిటైరయింది. నేను వెళ్లిన మూడో రోజు, వాన చూస్తూ కిటికీ దగ్గర కూర్చున్నానని, షెడ్డులోంచి తన పాత ఎర్ర సైకిల్ తీసి గుమ్మానికి ఆనించింది. సీటు తడవకుండా, జుట్టు తడవకూడదని స్నానానికి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ దానికి తొడిగింది. తన గ్లౌజులు రెండు జతలు నా చేతిలో పెట్టి, ఒకటి తడిస్తే రెండోది వేసుకోమంది. దూరం వెళ్లొద్దు, అరగంట చాలు, బయటికి పోయి రావడమే ముఖ్యమంది.

సాయంత్రం నాలుగుకే అక్కడ వెలుతురు పోతుంది. అందుకని మధ్యాహ్నం భోజనం వేళ తొక్కేదాన్ని. మొదటి రోజు పది నిమిషాల్లో ముక్కు మొద్దుబారింది, కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆ వాన మన వానలాగా కురవదు. గాలిలో వేలాడుతూ ఉంటుంది, మనమే వెళ్లి దానిలో దూరాలి. తిట్టుకుంటూ తొక్కాను. ప్రతి తొక్కుకూ అతని మొహం పెడల్ కింద పెట్టుకున్నాను. ఓపిక తక్కువా? ఇదిగో. తట్టుకోలేనా? ఇదిగో.

రెండో వారం కూడా కోపంతోనే తొక్కాను. అయితే ఆ కోపానికి ఆకలి తోడైంది, ఆకలికి ఏదో సంతోషం తోడైంది. తడిరోడ్డు మీద టైర్లు దోసెపెనం మీద నీళ్లు చల్లినట్టు సుయ్యిమనేవి. ఒకరోజు వడగళ్లు పడి జాకెట్ ముడతల్లో సగ్గుబియ్యంలా నిలిచాయి. ఇంకోరోజు గడ్డి మీదంతా మంచు గట్టిపడి, ఎండపొడ తగిలి మెరిసింది. తడిసిన గొర్రెలు రోడ్డు పక్కన నిలబడి, ఈ మనిషికేమైందన్నట్టు చూసేవి. ఇంటికి చేరాక వేడి టీ కప్పు పట్టుకుంటే వేళ్లలోకి రక్తం మంటలా తిరిగొచ్చేది. ఆ మంట నాకు ఎంత బాగుండేదంటే, దానికోసమే మర్నాడు మళ్లీ బయల్దేరేదాన్ని.

ఒకసారి అరగంటలో ఇరవై నిమిషాలు అతను గుర్తే రాలేదని తెలిసి ఉలిక్కిపడ్డాను. నా పగను ఎవరో దొంగిలించినట్టు అనిపించింది. పట్టుబట్టి మళ్లీ గుర్తు తెచ్చుకున్నాను.

చిన్నప్పుడు నాయిన చెప్పిన మాటొకటి అక్కడ బాగా పనికొచ్చింది. "పోయేటప్పుడు ఎదురుగాలిల పో బిడ్డా. ఒంట్ల తాఖత్ ఉన్నప్పుడే గాలితోని కొట్లాడాలె. వొచ్చేటప్పుడు గదే నిన్ను ఇంటికి తోల్కొస్తది." అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది. అందుకని రోజూ మొదట పడమటికి, ఏటిగట్టు మీదుగా వెళ్లి, వెనక్కి గాలి తోస్తుంటే వచ్చేదాన్ని. తూర్పుగా లైట్‌హౌస్ దాకా ఇంకో రోడ్డుంది, పది కిలోమీటర్లు, పక్కన చెట్టు గానీ గోడ గానీ లేదు. అటు ఎప్పుడూ వెళ్లలేదు.

జనవరిలో అతను వారం రోజుల పని మీద వచ్చాడు. శుక్రవారం మీటింగయ్యాక, "ఇంకా సైకిల్ తొక్కుతున్నారా అండీ? ఎంత దూరం?" అని అడిగాడు.

"ఆరేడు కిలోమీటర్లు సార్."

"అదేంటండీ, అది వార్మప్ కదా! రేపు నేనొస్తాను. కనీసం ఇరవై వేద్దాం."

రాత్రంతా నాకు హాయిగా నిద్రపట్టింది.

శనివారం పదకొండింటికి ఊళ్లోని షాపులో మంచి రేసు సైకిల్ అద్దెకు తీసుకుని వచ్చాడు. మడ్‌గార్డులు లేవు. చేతులకు వేళ్లు బయటికుండే పల్చటి గ్లౌజులు, ఒంటిమీద హైదరాబాద్ జెర్సీ, దానిపై సన్నటి కోటు. చలికి సరిపోదు సార్ అని చెప్పొచ్చు. చెప్పలేదు. వీధి చివర స్తంభం మీద జెండా తూర్పుకు తిరిగి, గుడ్డ చిరిగిపోయేలా కొట్టుకుంటోంది. "ఏ వైపు?" అన్నాడు. "లైట్‌హౌస్ బాగుంటుంది సార్," అన్నాను.

గాలి వీపు మీద చెయ్యి పెట్టి నెట్టినట్టు నెట్టింది. అతను తొక్కకుండానే దూసుకుపోయాడు. "చూశారా, ఫామ్ ఏం పోలేదండీ!" అని అరిచాడు. నేను మెల్లగా వెనకాల వెళ్లాను. లైట్‌హౌస్ దగ్గర రెండు ఫొటోలు దిగాడు. మబ్బులు సముద్రం మీదికి దిగుతున్నాయి. తిరిగొద్దామని సైకిల్ తిప్పాడు.

అప్పుడు తెలిసింది అతనికి. గాలి ఎదురుగా వచ్చి ఛాతీ మీద ఆగింది. దానితోపాటు సగం వాన, సగం మంచు, సూదుల్లా అడ్డంగా వచ్చి పడ్డాయి. వెనక చక్రం బురద చిమ్మి వీపు మీద పొడవాటి చార గీసింది. నేను ముందుండి, అతన్ని నా వెనకే రమ్మంటే నా మాటున కొంత గాలి తప్పేది. సైకిల్ గ్రూపుల్లో అందరికీ తెలిసిన సంగతే. నేను కావాలని పక్కకు జరిగి తొక్కాను.

నాలుగు కిలోమీటర్ల తర్వాత అతని వేళ్లు గేరు నొక్కడానికి కూడా వంగలేదు. దిగి నడవడం మొదలుపెట్టాడు. నేను వంద గజాల ముందు ఆగేదాన్ని. దగ్గరికొచ్చేసరికి మళ్లీ ఎక్కేదాన్ని. అలా మూడు కిలోమీటర్లు. ఒకచోట ఆగి, ఫ్లాస్కు తీసి, అతను వస్తుంటే చూస్తూ టీ తాగాను. అంత రుచైన టీ నేను మళ్లీ తాగలేదు.

అతను వచ్చి నిలబడ్డాడు. పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి. "ఇంకో జత గ్లౌజులు... ఏమైనా... ఉన్నాయా అండీ?"

"ఉన్నయి సార్," అన్నాను. బ్యాగు మీద చెయ్యి పెట్టాను గానీ తియ్యలేదు. "ఆ రోజు నేను ఎంత దూరం నడిచిన్నో మీకు యాదికుందా?"

"ఏ రోజు?"

అతను నటించడం లేదు. నిజంగానే గుర్తు లేదు. తొమ్మిది నెలలు నేను ఊది ఊది కాపాడుకున్న నిప్పుకు అతని వైపు బూడిద కూడా లేదు. అప్పుడు వచ్చినంత కోపం నాకు ఆ ఏప్రిల్ ఎండలో కూడా రాలేదు. ఆఫీసులో ఎనిమిదేళ్లుగా జాగ్రత్తగా మాట్లాడిన పుస్తకాల తెలుగు ఆ గాలిలో ఎటో కొట్టుకుపోయింది.

"బుట్ట సైకిల్ అని అందరి ముంగట నవ్విన్రు గదా, అది మా నాయిన చేసిన సైకిల్. పది రోజులు కండ్లు కనబడకున్నా కూసోని చేసిండు. పంక్చర్ అయి పిలిస్తే చెయ్యి ఊపి పోయిన్రు. ఆరు కిలోమీటర్లు నడిచిన. మల్ల నాకే ఓపిక లేదని రాసిన్రు. ఇగ చెప్పున్రి, ఎవరికి లేదు ఓపిక?"

అతను వణుకుతూ నా మొహం చూశాడు. "సారీ అండీ," అన్నాడు. "నిజంగా సారీ." అది నా కోసం అన్నాడో, గ్లౌజుల కోసం అన్నాడో నేను ఈ రోజుకీ తేల్చుకోలేదు. గ్లౌజులు ఇచ్చాను. వేళ్లు దూరకపోతే నేనే లాగి తొడిగాను. మిగిలిన దూరం నా వెనకే రమ్మన్నాను.

ఇంటావిడ అతన్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, చేతులు గోరువెచ్చటి నీళ్లలో పెట్టించింది. తర్వాత వంటింట్లోకి వచ్చి, గాలి ఎటుందో నీకు ముందే తెలుసు కదా అని నన్నడిగింది. తెలుసన్నాను. ఆవిడ కప్పులు తుడుచుకుంది. ఆవిడ ముందు కొంచెం తలదించుకున్నాను. అతని ముందు దించుకోలేదు.

ఫిబ్రవరి చివర తిరిగొచ్చాను. మొదటి టీమ్ మీటింగులో నా ప్రయాణం గురించి ఎవరో అడిగితే, అతనే అందుకున్నాడు. "అక్కడి చలి మామూలుగా ఉండదండీ. మంచులో, ఆ గాలిలో ఇరవై కిలోమీటర్లు తొక్కాం. మేడమ్‌గారు కూడా వచ్చారు." లైట్‌హౌస్ ఫొటో తెర మీద పెట్టాడు.

నేను లేచాను. "ఇరవై కాదు సార్. పోయేటప్పుడు పది, అదీ గాలే తోసింది. వచ్చేటప్పుడు మూడు కిలోమీటర్లు మీరు నడిచారు. నేను కాదు." గది మొత్తం పకపకా నవ్వింది. అతని చెవులు ఎర్రబడడం నేను కూర్చునే దాకా చూశాను. ఆ ఏడు అప్రైజల్ మళ్లీ దెబ్బతింది. దెబ్బతింటుందని తెలిసే లేచాను. క్లయింటు నన్నే అడిగి తీసుకోవడంతో వేరే టీముకు మారాను. కొన్నాళ్లకు అతను మాదాపూర్‌లోనే ఇంకో కంపెనీకి వెళ్లిపోయాడు.

జరిగిందంతా నాయినకు అప్పుడు చెప్పాను. పొగుడుతాడనుకున్నాను. "చలిల మనిషిని గట్ల నడిపిస్తరా బిడ్డా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"నీ కోసమే గదా చేసిన!"

"నాకోసమైతే నన్ను అడిగి చేసేదుండె."

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన చెప్పింది తప్పని అనను. కానీ ఆ శనివారం మళ్లీ వస్తే జెండా చూసి మళ్లీ తూర్పుకే తిప్పుతాను.

మొన్న డిసెంబరులో వాయుగుండం పట్టి మూడు రోజులు ముసురు. ఇలాంటి చలివాన ఇక్కడ అరుదుగా దొరుకుతుంది. స్వెటర్ మీద రెయిన్‌కోటు వేసుకుని, అమ్మ తిడుతున్నా వినకుండా, ఆఫీసుకు సైకిల్ మీదే బయల్దేరాను. చల్లటి తుంపర మొహాన కొడుతుంటే ప్రాణం లేచొచ్చింది. కొత్తగూడ జంక్షన్ దగ్గర కార్లు కదలకుండా బారులు తీరి ఉన్నాయి. వాటి పక్క సందులోంచి వెళ్తుంటే ఒక కారు అద్దం దిగింది. అతనే. కొంచెం లావయ్యాడు.

"బాగున్నారా అండీ? ఈ వానలో కూడానా?"

"బాగున్న సార్. మీరెప్పటి నుంచి ఆగిన్రు ఇక్కడ?"

"ముప్పావు గంట," అన్నాడు.

ముందు దారి ఖాళీగానే ఉంది. అయినా బెల్లు గట్టిగా రెండుసార్లు కొట్టి వెళ్లిపోయాను.