ప్రెసిడెంటు గారి మారువేషం

భీమవరం పక్కనున్న మా ఊరికి కేబుల్ టీవీ వచ్చిన కొత్తల్లో, కేబుల్ నడిపే శ్రీకాంత్ డిష్ ఎటో తిప్పితే ఒక జపాను ఛానల్ తగిలింది. అందరూ తీసేయమన్నారు. పంచాయతీ ప్రెసిడెంటు త్రినాథరాజు గారు మాత్రం ఉంచమన్నారు. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన అందులో కత్తులవాళ్ల సీరియల్ చూసేవారు. భాష ఒక్క ముక్క రాకపోయినా కథ తెలిసిపోయేది. రాజ్యమేలే ప్రభువు మామూలు బట్టల్లో వీధుల్లో తిరుగుతాడు, జనం గోడు వింటాడు, చివర్లో తానెవరో బయటపెడతాడు. అప్పటిదాకా విర్రవీగిన దుర్మార్గులు నేలకు నుదురు ఆనిస్తారు. అది చూసినప్పుడల్లా రాజుగారికి కళ్లు చెమర్చేవి.

ఆయన చెడ్డమనిషి కాదు. ఎవరేం చెప్పబోయినా మధ్యలో అందుకుని తన మాట మొదలుపెట్టేవారు, అంతే. దాంతో జనం చెప్పడం మానేశారు. ఊరు సుఖంగా ఉందని ఆయన అనుకున్నారు. సీరియల్ చూశాకే అనుమానం వచ్చింది.

ఒక సాయంత్రం గళ్ల లుంగీ కట్టి, తలపాగా చుట్టి, దాని కొసతో మీసం కప్పుకుని అప్పారావు టీకొట్టుకు వెళ్లారు. ఆరడుగుల మనిషి, మైకు అక్కర్లేని గొంతు. పైగా వెళ్లింది తన బుల్లెట్ మీదే.

ఆయనకు ఎండదెబ్బ తగిలిందేమోనని అప్పారావు మొదట భయపడ్డాడు. తర్వాత మర్యాదగా అడిగాడు.

"ఏ ఊరండీ తమరిది?"

"పాలకొల్లండి. కొబ్బరికాయల బేరం."

"ఆయ్. కూర్చోండి."

కొట్టు ముందు మురుక్కాలువ పూడిపోయిన సంగతి అప్పారావు మొదలుపెట్టాడు. పాలకొల్లు వర్తకుడికి ఈ ఊరి సంగతులు తెలియవు గనుక మధ్యలో అందుకోవడానికి రాజుగారికి మాట దొరకలేదు. చివరిదాకా విన్నారు. మర్నాడే కాలువ బాగుపడింది.

ఆ కబురు ఊరంతా పాకింది. పెద్దాయన్ని చిన్నబుచ్చడం ఎవరికీ ఇష్టం లేదు. జనం కొబ్బరి వర్తకుడి కోసం ఎదురుచూసి మరీ బాధలు చెప్పుకోసాగారు. ఆయన ఒకరోజు తన ఇంటికే వెళ్లి మంచినీళ్లు అడిగారు. భార్య సూర్యావతి గారు అరుగు మీద కూర్చోబెట్టి, మావారు ఏ విషయంలోనూ నన్ను అడగరండీ అని చెప్పుకున్నారు. రాజుగారు పెరటిదారిన ఇంట్లోకొచ్చి, ఎవరొచ్చారని అడిగారు. పాలకొల్లాయనండి, మంచి మనిషి, అన్నారావిడ.

తర్వాత లూథరన్ చర్చి బడి టీచరు జ్ఞానమ్మ గారు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఎవరిదో రొయ్యల చెరువు ఉప్పునీరు మంచినీళ్ల చెరువులో కలుస్తోందనీ, పిల్లలకు కడుపునొప్పులనీ చెప్పారు.

"ఎవడండీ ఆ దుర్మార్గుడు?"

"మా ప్రెసిడెంటు గారేనండి."

వర్తకుడు తలపాగా కొసను మీసం మీదికి ఇంకాస్త లాక్కున్నారు. సోమవారం పంచాయతీకి వచ్చి ఆయన్ని కడిగేస్తానని చివరికి మాటిచ్చారు.

సోమవారం ఊరంతా పంచాయతీ ఆఫీసుకు చేరింది. వర్తకుడు వచ్చి, ప్రెసిడెంటు ఖాళీ కుర్చీ ఎదుట నిలబడి దాన్ని చెడామడా తిట్టారు. గొంతు బొంగురుపోయాక, సీరియల్లోలాగే తలపాగా లాగేసి ఆగారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఫ్యాను తిరుగుతోంది. జ్ఞానమ్మ టీచరుకు జాలేసి మెల్లగా నేలమీద మోకరిల్లారు. ఆవిడను చూసి అందరూ వంగారు. రాజుగారు వాళ్లను చూశారు, కుర్చీని చూశారు. సీరియల్ ప్రకారం నుదురు ఆనించవలసింది ఎవరో అప్పుడు తట్టింది. ఆయన కూడా మోకాళ్ల మీదికి దిగి నుదురు ఆనించారు. మళ్లీ లేవలేకపోతే అప్పారావు, శ్రీకాంత్ చెరో చెయ్యి పట్టి లేపారు.

ఇంటికెళ్లి, నీకు ముందే తెలుసా అని భార్యని అడిగారు.

"ఆ లుంగీ రోజూ ఉతికింది నేనే కదండీ," అన్నారావిడ.

మర్నాడు రాజుగారు తన రొయ్యల చెరువు తూము మూయించారు. మంచినీళ్లు తేరుకున్నాక, జ్ఞానమ్మ టీచరు బడిపిల్లలతో బంతిపూల దండ పట్టుకుని పంచాయతీకి వచ్చి, పాలకొల్లు వారికి వేయాలన్నారు. రాజుగారు కుర్చీలోంచి లేచారు.

"వారు ఊళ్లో లేరండి. నేను అందజేస్తాను," అని మెడ వంచారు.