మంచులో తెల్లగీత

కర్దనూర్ పెంటయ్యకు ఎడ్లబండి తోలడం నడకతోపాటే వచ్చింది. బండి ఒక పక్కకు ఒరిగితే రెండో పక్కకు వాలి నిలబెట్టడం ఆయన ఒంటికే తెలుసు.

డెబ్బైల్లో ఒక చలికాలం చెరుకుకు పురుగు పట్టింది. మందు చల్లడానికి హెలికాప్టర్ వచ్చింది. ఏ చేను ఎవరిదో పైనుంచి చూపించడానికి పెంటయ్యను పైలట్ పక్కన కూర్చోమన్నారు.

"బండి తోలెటోడివి, మొగులు మీద నీకేం పని?" అంది భార్య దేవమ్మ.

"చెరుకు ఎండుతుంటె ఇంట్ల కూసోమంటవా?"

పైలట్ భీమశంకరం గోదావరి వైపు మనిషి. ఎడమచేతి మీట ఎత్తితే యంత్రం లేస్తుందనీ, మోకాళ్ల మధ్య కర్ర ఎటు వంచితే అటు పోతుందనీ చెప్పాడు. పెంటయ్య ముందూ అలాంటి కర్రే ఉంది. "దాన్ని మాత్రం ముట్టుకోకండి."

లేచిన కాసేపటికే మంచు కమ్మింది. నేల పోయింది, ఆకాశం పోయింది. మిగిలింది తెలుపొక్కటే. కుడికి ఒరిగిపోతున్నామని పెంటయ్య ఒళ్లంతా మొత్తుకుంది. అలవాటుగా ఎడమకు వాలాడు. మోకాలు కర్రను నెట్టింది. ఈసారి నిజంగానే ఒరిగింది.

"పెంటయ్యగారూ, కాలు! కాలు తియ్యండి!" భీమశంకరం తన కర్రతో యంత్రాన్ని నిలబెట్టాడు.

"కుడికి ఒరిగె గద సారూ!"

"ఒరగలేదండీ. చెవి లోపల నీళ్లుంటాయి. మంచులో అవి అబద్ధాలు చెబుతాయి. నాకూ చెబుతున్నాయి. అదిగో, ఆ గడియారంలాంటి అద్దంలో తెల్లగీత. యంత్రం ఒరిగితేనే అది వంకరపోతుంది. అదే నిజం. ఎలా ఉందో చెబుతుండండి."

పెంటయ్య కాళ్లు ముడుచుకున్నాడు. ఒళ్లు మొత్తుకుంటూనే ఉంది. కళ్లు గీతను వదల్లేదు.

"సక్కగుంది సారూ... సక్కగుంది..."

"ఇంత భయంలోనూ మెచ్చుకుంటున్నారే!"

"మెచ్చుకునుడు గాదు సారూ! గీత వంకర లేదంటున్న!"

భీమశంకరం నవ్వి మీటను మెల్లగా ఎత్తాడు. తెలుపు పలచబడింది, పసుపెక్కింది, ఒక్కసారిగా ఎండ! కింద మంచు ఏకిన దూదిలా పరుచుకుని ఉంది. అది విడిపోయేదాకా పైనే తిరిగారు. ముందు ఒక చెట్టు కొన తేలింది, తర్వాత చెరుకు పచ్చదనం. కొన్ని చేలకు మందు చల్లి, ఒక చేను పక్కనే దిగారు.

"రేపు వస్తారా, ఇంకొకర్ని చూడమంటారా?" అన్నాడు భీమశంకరం.

"మా చేను ఇంక మిగిలింది గద సారూ. వస్త. కాళ్లు ముడుసుకొని కూసుంట."

"ఏంది, ఇంట్ల ఎన్నడన్న గట్ల కూసున్నవా?" అంది పరుగున వచ్చిన దేవమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

ఇంటిదారిలో బండి గుంతలో పడి ఒరిగింది. పెంటయ్య రెండో పక్కకు వాలాడు. ఇక్కడ ఒళ్లు చెప్పేది నిజమే.