ఆయా కాచిన జావ

మైపాడు దగ్గర లారీ దిగేసరికి పొద్దున ఆరు పది. తుఫాను డ్యూటీ. తొమ్మిదిమందిమి, రెండు రబ్బరు పడవలు, తాళ్లు, ఒక రేడియో. దారిలో మోకాలిలోతు ఉప్పునీళ్లు. మాకు అప్పగించింది ఒడ్డునున్న వృద్ధుల ఆశ్రమం. పదకొండు మంచాలు. కప్పు రేకులు ఎగిరిపోతున్నా పదకొండుమందీ కదలకుండా పడుకునే ఉన్నారు.

“అందరికీ జొరమన్నా. కదిలిస్తే పానాలు పోతాయి,” అన్నాడు వార్డెను. జీతానికి వాళ్లను చూసుకునేది అతనూ, ఒక ఆయా.

మా సుబేదారుగారు ఒక్కొక్కరి నుదుటా చెయ్యి పెట్టి చూశారు. చల్లగా ఉన్నాయి. నన్ను పక్కకు పిలిచారు.

“జబ్బే అయితే, కదిలిస్తే పడవలోనే ప్రాణాలు పోతాయి. మత్తు పెట్టుంటే, వదిలేస్తే ఇక్కడే మునుగుతారు. నీళ్లు పెరిగేలోపల ఏదో ఒకటి తేల్చు.”

రోజంతా ఆ హాల్లోనే కూర్చున్నాను. సాయంత్రం ఆయా రాగి జావ తెచ్చింది. మస్తానమ్మ అనే అవ్వ పెదవులు బిగించుకుంది. ఆయా ఆమె ముక్కు మూసి పట్టుకుంది.

“ఏందమ్మా ఆ పని?”

“నీకు తెలీదులే. ముసలోళ్లు పసిబిడ్డల మాదిరి.”

గ్లాసు లాక్కుని నేనే తాగేశాను.

“అది నీకు గాదన్నా!” ఆయా గ్లాసు లాక్కోబోయింది.

మా రేడియో ఆపరేటరు గూడూరు మనిషి. పగలబడి నవ్వాడు. “అవ్వ జావ గూడా వదలవా అన్నా?”

“టైము రాసుకో.”

“నాలుగిరవై.”

అంతలో బయట పడవ తాడు తెగిందని అరిచారు. అతను పరుగెత్తాడు. రేడియో బల్లమీదే ఉండిపోయింది.

అరగంటకు నాలుక మందమైంది. కాళ్లు నావి కావు. అవ్వ మంచం పక్కనే గోడకు జారిపోయాను. తలుపు కిందనుంచి నీళ్లొచ్చాయి. ఆయా నీళ్లలో తపతపమంటూ పారిపోవడం వినిపించింది. రేడియోలో సుబేదారుగారు నన్నే పిలుస్తున్నారు. అన్నీ వినిపిస్తున్నాయి. వేలు లేవదు. నీళ్లు ఛాతీదాకా వచ్చాయి. నా సర్వీసులో అంత భయం ఎరగను.

తలుపు తోసుకుని వచ్చారు సుబేదారుగారు. నన్నూ, నా పక్కన తేలుతున్న ఖాళీ గ్లాసునూ చూడగానే అరిచారు. “మత్తే! అందర్నీ ఎత్తండి!”

పదకొండుమందీ బతికారు. మిగిలిన జావ పోలీసుల చేతికిచ్చాం. వార్డెనూ ఆయా దొరికారు. ముసలోళ్లు గొడవ చెయ్యకుండా పడుండాలని రోజూ జావలో మత్తు కలిపేవాళ్లట. నాలుగోరోజు లారీ ఎక్కి మా యూనిట్‌కు తిరిగివచ్చాం.

నేను గోడకు జారి ఉన్నప్పుడు తల ఒక పక్కకు వాలిపోయింది. మస్తానమ్మ అవ్వ ముఖం జానెడు దూరంలో కనిపించింది. రెప్పల కింద కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ఆమె నిద్రపోవడం లేదు. పెరుగుతున్న నీళ్లనే చూస్తోంది.