మునెమ్మవ్వ సరే అంటేనే ఓడ ఎక్కిన చింతపండు

నిన్న పొద్దున మా చెల్లెలు ఫోన్ చేసి "అన్నా, అవ్వ మనకు లేదు" అని ఏడ్చింది.

నేను నమ్మలేదు. చిత్తూరులో నేను ఆటపట్టించని మనిషి లేడు కదా, అందరూ కలిసి నాకే రివర్స్ కొడుతున్నారనుకున్నాను. "నాటకాలు ఆపు" అని కట్ చేశాను.

కాసేపటికి అమ్మ చేసింది. వెక్కిళ్ళు తప్ప ఏమీ వినపడలేదు.

అప్పుడు నమ్మాను.

మునెమ్మవ్వ. మా అమ్మను కన్న తల్లి. నూరేళ్ళకు రెండో మూడో తక్కువ.

ఇది ఏడుపు పోస్ట్ కాదు. ఏడుపు పోస్ట్ పెడితే పైనుంచి దిగి వచ్చి తంతుంది. ఆమె గెలిచిన మనిషి. ఆ సంగతే చెప్తాను.

నేను పదో తరగతి తప్పి ఇంట్లో పడి ఉన్న ఏడాది, అవ్వ ఏడాదికి సరిపడా దాచుకున్న చింతపండు కుండలో బఠాణీ అంత రాయి దూర్చాను. కనిపెట్టలేదని చెల్లెలితో పందెం కూడా వేశాను.

మరుసటి రోజు నా సంగటి ముద్దలో అదే రాయి. నా పన్ను కదిలింది.

అవ్వ పక్కనే కూర్చుని విసురుకుంటోంది. "తెలిసిందా నాయనా? రాయి ఏసేటోనికి అది ఎవురి పంటికిందికి పోతాదో తెలీదు" అంది. అంతే. కొట్టలేదు, తిట్టలేదు.

ఈ కనిపెట్టే కన్ను ఆమెకు ఎక్కడ అబ్బిందంటే, చింతపండు మండీలో. నేను పుట్టకముందు కథ. అవ్వ నోట, ఆమెతో పనిచేసిన ముసలమ్మల నోట కొన్ని వందల సార్లు విన్నాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్త. అవ్వకు ఇరవై ఏళ్ళుంటాయి. ఇక్కడి మండీలో నలభై మంది ఆడవాళ్ళు గింజ తీసి, నార తీసి, ఉప్పు కలిపి చింతపండును చాపల్లో చుట్టి మూటలు కుట్టేవాళ్ళు. అది రైల్లో మద్రాసుకు, అక్కడి నుంచి ఓడల్లో అరబ్బు దేశాలకు. వాళ్ళు దాన్ని ఇండియా ఖర్జూరం అంటారంట. మన పులుసు సరుకుకు ఎంత మర్యాదో చూడండి!

ఒకసారి పంపిన సరుకంతా హార్బర్ నుంచి వెనక్కి వచ్చింది. ఇసుక, గింజలు, పురుగు.

కొనే కంపెనీ కబురు పెట్టింది. మా ఆఫీసరు వచ్చి చూస్తాడు, ఈసారి బాగాలేకపోతే మీ మండీతో బేరం బంద్ అని. బంద్ అయితే నలభై ఇళ్ళలో పొయ్యి వెలగదు.

పది రోజులు ఆడవాళ్ళు కుస్తీ పట్టారు. ఉప్పు జల్లించారు. చాపలు ఉడకేశారు. తలకు తుండుగుడ్డ చుట్టుకోనిదే ఎవరినీ పండు ముట్టనివ్వలేదు మునెమ్మ. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో టోపీ, గ్లవ్స్ వేసుకుని జీతం తీసుకునే క్వాలిటీ కంట్రోల్ సార్లూ, మీకన్నా ముందు మా అవ్వ.

చివర్లో మండీ యజమానికి ఒక ఐడియా వచ్చింది. ఆఫీసరు కళ్ళు చెదరాలని ముందు రోజు సాయంత్రం వాళ్ళింటి ఇత్తడి గంగాళాలు ఆరు తెప్పించాడు. బంగారంలా తోమించి, మేలైన పండంతా వాటిలో నింపించాడు. ఒక్కదానికీ లోపల కళాయి పూత లేదు.

తెల్లారి వచ్చి చూసిన మునెమ్మ యజమాని దగ్గరికి పరుగెత్తింది.

"సామీ, ఇత్తడిలో పులుపు పెడ్తారా ఎవురన్నా?"

"నోరు మూసుకోని కూకో. దొర వస్తాండాడు."

ఆఫీసరు వచ్చాడు. మద్రాసు మనిషి, ప్యాంటు, కళ్ళద్దాలు. చాపలు విప్పించాడు, పండు చీల్చి చూశాడు, కొరికి చూశాడు. వంక దొరకలేదు. గంగాళాల మెరుపు చూసి "ఆహా!" అన్నాడు. ముద్ర చేతిలోకి తీసుకున్నాడు.

ఊరుకుంటే గెలిచినట్టే.

మునెమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, ఆ గంగాళాల్లో పండుకు ముద్ర ఎయ్యద్దు."

యజమాని మీదికి వచ్చాడు. "ఏమే, మతి పోయిందా? అందరి కూడూ పోగొడ్తావా?"

మునెమ్మ మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగున గంగాళానికి అంటుకున్న పండు పిడికెడు తీసి చూపించింది. పచ్చగా చిలుము.

"రేత్రంతా ఉప్పుతో ఇత్తడిలో ఉండాది సామీ. ఇది తింటే వాంతులు, బేదులు. మా ఇంట్లో బిడ్డకు పెట్టని దాన్ని ఇంగొగరి బిడ్డకు ఎట్ల పంపేది?"



ఆఫీసరు కళ్ళద్దాలు సర్దుకుని ఆ చిలుమును దగ్గరగా చూశాడంట. తర్వాత తన సగం తమిళం సగం తెలుగులో యజమానితో అన్నాడంట: "ఈ ఆరూ పారబోయండి. మిగతాది పాస్. సొంత సరుకులో తప్పు తానే చూపించే మనిషి ఉన్న చోట నాకేం పని? ఇకమీద ఈ అమ్మ సరి అంటేనే మూట కుట్టాలి."

ఆ సరుకు మళ్ళీ వెనక్కి రాలేదు. నలభై మందిలో ఒక్కరి పనీ పోలేదు.

పారబోయమన్న పండును కూడా మా వాళ్ళు వదల్లేదు. దాంతోనే ఆ ఆరు గంగాళాలూ తళతళా తోమి, ఊరేగింపుగా తీసుకుపోయి యజమాని ఇంటి ముందు బోర్లించి వచ్చారు. నా అల్లరి ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైందా?

ఆ తర్వాత పాతికేళ్ళు, వేలిముద్ర తప్ప సంతకం రాని మా అవ్వ తల ఊపితే తప్ప ఆ మండీ గడప ఒక్క మూట కూడా దాటలేదు.

నిన్న సాయంత్రం ఆ నలభై ఇళ్ళ మనవళ్ళు, మునిమనవళ్ళు వచ్చి పాడె మోశారు. నాకు భుజం పెట్టడానికి చోటు దొరకలేదు. జీవితంలో మొదటిసారి, చోటు దొరకనందుకు గర్వపడ్డాను.

పోయిరా అవ్వా. అందరూ కూర్చున్నప్పుడు లేచి నిలబడ్డావు. ఇంక నడుం వాల్చు. చల్లగా నిద్రపో.