బొట్టుకు వదిలిన చోటు

మా తమ్ముడు పోయి నెల కావస్తోంది. ఆ రోజు ఉదయం దీపానికి వత్తి వేస్తుంటే మరదలి ఫోన్ వచ్చింది. "వదినా, ఈయన లేస్తలేడు" అంది. దీపం వెలిగించి బయలుదేరాను. నేను దారిలో ఉండగానే రెండో ఫోన్ వచ్చింది. ఇక తొందరపడనవసరం లేదని తెలిసింది.

సికింద్రాబాద్‌లో మీలో కొందరి ఆఫీసులకు వాడు వచ్చే ఉంటాడు. ప్రింటర్లు బాగుచేసేవాడు. పాత కళ్లజోడు డబ్బాలో స్క్రూడ్రైవర్లు, జేబులో ఒక మెత్తని గుడ్డ. మా ఇంటికి వస్తే, చేతికంటిన నల్లపొడి పోయేదాకా శనగపిండితో రుద్దుకుని గానీ పళ్లెం ముందు కూర్చునేవాడు కాదు. ఏ ఆఫీసులోనైనా మిషన్ మూత తీసేముందు ఒకటే అడిగేవాడట: "దీని కీ కాగితం ఏడ పెట్టిండ్రు?"

ఆ కీ సంగతి నాకూ వాడే చెప్పాడు. పెద్ద ప్రింటర్లు స్కాన్ చేసిన కాగితాలను తమ లోపలే దాచుకుంటాయి. దొంగ చేతికి చిక్కినా చదవలేకుండా గజిబిజి చేసి దాచుకుంటాయి.

"మల్ల సక్కగ సదవాల్నంటే ఒక అక్షరాల వరుస గావాలె, పెద్దక్కా. లోపలి బోర్డు కాలిపోతే కొత్తది ఏస్తం. అది కీ అడుగుతది. చెప్పకుంటే లోపలున్నయన్నీ మట్టే."

అందుకని ఆ వరుసను ముందే అచ్చు తీసి, ఒకటి ఆఫీసులో, ఇంకొకటి బయట ఉంచమనేవాడు. లాలాగూడలో ఒక పింఛనుదారుల సంఘం వాళ్లు ఆ రెండోది వాడినే దాచమన్నారు. వాడు తెచ్చి నా పూజగదిలో, స్తోత్రాల పుస్తకంలో పెట్టాడు.

"మీ ఇంట్ల పెట్టుకోరాదురా?" అన్నాను.

"మా ఇంట్ల తెల్ల కాగితం కనవడితే నీ మరదలు దాని ఎనక సామాన్ల లిస్టు రాస్తది."

రెండేళ్ల కిందట దసరాకు నేనొక పొరపాటు చేశాను. ఆయుధపూజలో వాడి స్క్రూడ్రైవర్లకు బొట్టు పెడుతూ, ఆ కాగితమూ పనిముట్టే కదా అని దానికీ పసుపు రాసి కుంకుమ పెట్టాను. సరిగ్గా అక్షరాల మీద. వాడు కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూశాడు.

"పెద్దక్కా, నీ బొట్టు కింద ఎనిమిదున్నదా, బీ ఉన్నదా?"

"నాకేమెరుకరా?"

"ఇగ అమ్మవారినే అడగాలె."

"అడుగు. నీకన్న ఓపికతోని చెప్తది."

నవ్వాడు. కోప్పడలేదు. మర్నాడే ఇంకొకటి అచ్చు తీసి తెచ్చాడు. "మిషన్ పోతే మిషన్ దొరుకుతది. అక్షరం పోతే దొరకది" అని మాత్రం అన్నాడు. జపం చేసేటప్పుడు ఆ మాట నాకు చాలాసార్లు గుర్తొస్తుంది.

ఈ శ్రావణంలో కీ మార్చామని కొత్త కాగితం తెచ్చి, కవరు అంటించి ఇచ్చాడు. విప్పకుండానే పుస్తకంలో పెట్టాను.

వాడి పదకొండో రోజు ముగిసిన మర్నాడు ఆ సంఘం ఆఫీసులో పనిచేసే అమ్మాయి, వాడు రాసిచ్చిన నా నంబరుకు ఫోన్ చేసింది. మిషన్ బోర్డు కాలిందట. కొత్తది వేయిస్తే కీ అడుగుతోందట. లోపల ఉన్నవి, భర్తలు పోయి కుటుంబ పింఛనుకు పెట్టుకున్న ముసలమ్మల కాగితాలు.

"పంపే గడువు రేపటిదాకనే, అమ్మా. కాప్రాల ఒకామె మంచం దిగదు. ఇంటికి పోయి వేలిముద్ర తెచ్చినం. మస్తు పరేషాన్ అయితున్నది."

"మీ ఆఫీసు కాపీ ఏమైంది తల్లీ?"

"పోకుండ ఉంటదని అదే మిషన్ల స్కాన్ చేసి పెట్టినం. కాగితం చింపేసినం."

వాడు ఉంటే ఎంత నవ్వేవాడో.

కవరు విప్పాను. బీ, డీ ఫోన్లో ఒకేలా వినిపిస్తాయి, అక్షరానికొక పేట పేరు చెప్పాలని వాడు నేర్పాడు. అలాగే చదివాను. బోయిన్‌పల్లి బీ. ఏడు. కాప్రా కే. లాలాగూడ ఎల్. జపమాల తిప్పినంత నెమ్మదిగా, రెండుసార్లు. అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు. తర్వాత అదీ లేదు. కళ్లు మూసుకుని కూర్చున్నాను.

"వచ్చినయమ్మా! కాప్రా ఆమెది సుత వచ్చింది!"

ఆ పిల్ల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. తేరుకుని, "ఫోన్ల చదివినం గద, కొత్త కీ పెట్టుకుంటం. అది చింపెయ్యుండ్రి. మాది ఈసారి బీరువాల పెడ్తం" అంది. సరేనన్నాను.

చింపబోతూ చూశాను. అక్షరాలన్నిటికీ దూరంగా, కింది మూలన పెన్నుతో చిన్న గుండ్రం గీసి ఉంది. పక్కన వాడి వంకర రాత: "బొట్టు గీడ పెట్టు."

దసరా ఇంకా రాలేదు. ఆ కాగితం ఇక ఏ మిషన్‌కూ పనికిరాదు. మళ్లీ పుస్తకంలోనే పెట్టాను. పెట్టేముందు ఉంగరం వేలు, కుంకుమ లేకుండా, ఆ గుండ్రంలో ఆనించి చూశాను. సరిగ్గా నా వేలంతే గీశాడు.