తడి తోళ్ల బరువు

మొదటి దెబ్బ ఆమె మోచేతి మీద పడింది. చేపల మేత కలిపే చెక్క తెడ్డు అది. ఏళ్ల తరబడి నీళ్లు తాగి బండబారి ఉంది. నొప్పి తెలియడానికి ముందే ఎముక విరిగిన చప్పుడు వినబడింది.

“ఇంకోటి వెయ్యండ్రా! గార్డయితే ఏంటంట? నా గట్టు మీదకి నన్నడక్కుండా ఎలా వచ్చింది?”

అరిచినవాడు చెరువుల ఆసామి. కాలువ పక్కన వరసగా ఉన్న పదకొండు చేపల చెరువులూ అతనివే. కింద పడ్డ మనిషి ఆ కాలువ పొడవునా వన్యప్రాణుల్ని కాపాడాల్సిన ప్రభుత్వ గార్డు. వయసు నలభై ఆరు. జీతం కాగితాల మీద తప్ప ఆమె పేరుతో ఎవరికీ పని పడలేదు. అందరికీ గార్డమ్మే.

కాలువ గట్టు బొరియలో నీటికుక్క పిల్లల్ని పెట్టిందని ఆమెకు నెల రోజులుగా తెలుసు. బురదలో అడుగులు చూసింది, రాళ్ల మీద చేప ముళ్లతో నిండిన పెంట చూసింది. ఆ పొద్దున వెళ్లేసరికి తల్లి ఇనప ఉచ్చులో ఉంది. ముందరికాలు ఉచ్చు పళ్ల మధ్య పిప్పి అయిపోయింది. ఆ కాలిని అదే కొరుక్కుంటోంది. గార్డమ్మ రేంజరుకి ఫోన్ చేసి, మోకాళ్ల మీద కూర్చుని ఉచ్చు విప్పబోయింది. అప్పుడే వచ్చి మీద పడ్డారు.

ఆమెను కొట్టినవాడు చెరువుల మీద పనివాడు. వాడి పక్కన రెండో తెడ్డు పట్టుకుని నిలబడ్డవాడు ఆమె సొంత మరిది.

“వదినా, లే. పక్కకెళ్లు.”

“ముందా ఉచ్చు విప్పరా.”

“ఆసామి చూస్తున్నాడు.”

“చూడనీ. నువ్వు నా వంక చూడు.”

అతను చూడలేదు. కొట్టమని ఆసామి చెయ్యి ఊపగానే తెడ్డెత్తి నీటికుక్కను కొట్టాడు. గురి తప్పి దెబ్బ నడుం మీద పడింది. అది పసిపిల్ల గొంతుతో కేక పెట్టింది. రెండో దెబ్బకి దవడ పగిలింది. మూడోది పడ్డాక కేక ఆగింది. బొరియలోంచి పిల్లలు మాత్రం సన్నగా ఈల వేస్తూనే ఉన్నాయి. ఆసామి మళ్లీ చెయ్యి ఊపాడు. పనివాడు పారతో బొరియ నోటినిండా మట్టి కుక్కి కాలితో తొక్కాడు. ఈల కాసేపు మట్టి కిందనుంచి వచ్చింది. తర్వాత రాలేదు.

గార్డమ్మ పాక్కుంటూ వెళ్లి మేత షెడ్డు తలుపుకి వీపానించి కూర్చుంది. లోపల తొట్టిలో ఏముందో వాసనే చెబుతోంది. లేవమని డొక్కలో రెండు తన్నులు తన్నారు. ఆమె లేవలేదు. రేంజరు జీపు చప్పుడు వినగానే పనివాడు చచ్చిన తల్లిని కాలువలోకి విసిరేశాడు, ఆసామి కారెక్కాడు.

తొట్టిలో ఉప్పునీళ్లల్లో నానుతూ అయిదు తోళ్లు దొరికాయి.

“ఆస్పత్రికి పదమ్మా, చెయ్యి వేలాడుతోంది,” అన్నాడు రేంజరు.

“సీలు వేశాక, సార్. మనం అటు వెళ్తే తోళ్లు ఇటు వెళ్తాయి.”

పట్టుకున్న చోటే తూకం వేసి, పట్టుకున్న చోటే సీలు వేయాలి. ఆమె నేర్చుకున్న పద్ధతి అదే. స్ప్రింగు కాటాను జీపు కొక్కానికి తగిలించారు. నీళ్లోడుతున్న తోళ్లను గోనెసంచిలో వేసి ఎత్తితే ముల్లు ఆరు కిలోల రెండు వందల దగ్గర నిలబడింది. కుడిచెయ్యి పనిచేయదు. చీటీ పళ్లతో పట్టుకుని, ఎడంచేత్తో వంకరటింకర అంకెలు రాసింది. పనివాడి పేరు, మరిది పేరు రాసింది. ఆ పేర్ల పైన ఆసామి పేరు రాసింది. ఇద్దరు మేతకూలీల చేత సాక్షి సంతకాలు పెట్టించింది. లక్క సీలు ఆరేదాకా జీపెక్కలేదు.

*

ఈ ఉద్యోగం ఆమె కోరుకున్నది కాదు. మొగుడు ఇదే కాలువ మీద గార్డు. జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. అతని ఉద్యోగం ఆమెకిచ్చారు. చేరిన రోజు ఆఫీసు తలుపు వెనకాల అంటించిన, కాపాడాల్సిన జంతువుల జాబితా ముందు నిలబెట్టి, “ఇవన్నీ నీ పిల్లలే,” అన్నాడు అప్పటి రేంజరు వేళాకోళంగా. పులి, ఏనుగు ఆమెకు తెలుసు. మిగతావాటినీ కాపాడాలనడమే కొత్త. గబ్బిలాలున్నాయి, తాబేళ్లున్నాయి, ఎవరూ మెచ్చని గుడ్లగూబలున్నాయి. వేటగాడికి వీటి ప్రాణమంటే లెక్క లేదు. ఫోటో తీసుకునేవాడికి వీటి మొహం అక్కర్లేదు. అందుకే వీటికి చట్టం తప్ప దిక్కు లేదు. పులి పేరున్న పేజీలోనే నీటికుక్క పేరూ ఉందని ఆమె ఆ రోజే గమనించింది. శిక్ష కూడా అదే. ఆ సంగతి చెప్పినప్పుడల్లా జనం నవ్వారు. చట్టం రాసినవాళ్లు నవ్వడానికి రాయలేదని ఆమెకు గట్టి నమ్మకం.

ఇంట్లో అందరికంటే ఎక్కువ నవ్వింది తోటికోడలు. రెండు కాపురాలకీ మధ్య ఒక్కటే గోడ, పెరట్లో ఒక్కటే కుళాయి.

“పులిని కాపాడితే పేపర్లో వేస్తారక్కా. నీళ్లల్లో కుక్కని కాపాడితే ఏమొస్తుంది?”

“నీ మొగుడికి బుద్ధొస్తుందేమో చూద్దాం.”

“అది పుట్టినప్పుడే రాలేదు. నీ కుక్కలేం తెస్తాయి!”

ఆ నవ్వులు కేసుతో ఆగిపోయాయి. పనివాడు ఊరొదిలి పారిపోయాడు. మరిది బెయిలు మీద వచ్చి మళ్లీ ఆసామి చెరువుల మీదే పనికెళ్లాడు. గార్డమ్మ చేతికి సిమెంటు కట్టు ఉన్న మూడు నెలలూ తోటికోడలు పొద్దున్నే వచ్చి ఆమెకు జడ వేసింది. నోరు మాత్రం విప్పలేదు. తిట్లన్నీ దువ్వెనతోనే తిట్టింది.

*

పద్నాలుగు నెలలకి కేసు విచారణకొచ్చింది. సాక్షులిద్దరూ బోనెక్కి ఒక్కటే పాట పాడారు: తెల్లకాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాం, మేమేం చూడలేదు. మిగిలింది సంచి. మేజిస్ట్రేటు ఎదుట సీలు విప్పి, తోళ్లను కాటాలో వేశారు. మూడు కిలోల వంద.

ఆసామి వకీలు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“కాగితంలో ఆరు కిలోల రెండు వందలు రాసింది నువ్వే కదమ్మా?”

“నేనే.”

“సగం తోలు ఏమైంది? నీటికుక్కలు సంచిలోంచి లేచి నడిచెళ్లిపోయాయా?”

కోర్టు హాలంతా నవ్వింది. ఆసామి ఒళ్లో చేతులు పెట్టుకుని మర్యాదగా నవ్వాడు. వకీలు మేజిస్ట్రేటు వైపు తిరిగాడు.

“అమ్ముకుందయ్యా! పెద్ద తోళ్లు అమ్ముకుంది, ఎక్కడివో చిన్నవి తెచ్చి సంచి నింపి మళ్లీ సీలు వేసింది. కాపలాదారే దొంగ. ఇలాంటి మనిషి మాట మీద పెద్దమనుషుల్ని జైల్లో పెడతామా?”

అప్పుడు వెలిగింది ఆమెకి. తడిగా తూచింది. తడివని రాయలేదు. ఆరబెట్టి తూచడానికి అప్పుడు టైమూ లేదు, చెయ్యీ లేదు. ఇంకెవరైనా ‘తడి తోళ్లు’ అని రెండు మాటలు రాసేవాళ్లే. నీళ్లోడినా తోలు తోలే కదా, అందులో రాయడానికేముంది అనుకుంది ఆమె. అది ఆమె తప్పే. ఆ తప్పు మీద ఇప్పుడు ఆసామి ఇంటికెళ్లబోతున్నాడు. ఆమె దొంగగా వెళ్లబోతోంది. బొరియలో ఊపిరాడక చచ్చినవి లెక్కలోకే రావు.

“అయ్యా, ఒక బకెట్టు నీళ్లు ఇప్పించండి,” అంది.

“దాహమా?” అన్నాడు వకీలు.

“నాకు కాదు. తోలుకి.”

ఆధారాన్ని పాడుచేయడమేనని వకీలు ఎగిరిపడ్డాడు. మేజిస్ట్రేటు అతన్ని ఆపి, “బరువు సంగతి ఎత్తింది మీరే. అయిదింట్లో ఒకటి నానబెడదాం, నాలుగు అలాగే ఉంటాయి,” అన్నాడు. పైనున్న ఒక తోలును తూచారు. ఆరు వందల ఇరవై గ్రాములు. వరండాలో బకెట్టులో వేసి బంట్రోతును కాపలా పెట్టారు. భోజనాల వేళ దాటేసరికి కంపుకి వరండా ఖాళీ అయింది. బయటికి తీసి కాటాకి తగిలించారు. కిలో నూటయాభై.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి జరిగింది. ఎండిన తోలులో ముడుచుకుపోయిన గాయాలు నీళ్లకి తెరుచుకున్నాయి. ఆ పొద్దున తల్లికి పడ్డట్టే, ముందరికాలి చుట్టూ వరసగా ఉచ్చు పళ్ల రంధ్రాలు. తల దగ్గర తోలు నాలుగు పీలికలై వేలాడింది. అవి చచ్చి కొట్టుకొచ్చిన జంతువుల తోళ్లంటూ అంతకుముందు వాదించిన వకీలు ఆ వాదన మళ్లీ ఎత్తలేదు.

“తోళ్లు నమ్ముతున్నాను,” అన్నాడు మేజిస్ట్రేటు. “కొట్టిన మొదటి ముద్దాయి పేరు కాగితంలో ఉంది, అతను కాదనలేదు కూడా. కొట్టమన్నది ఎవరు? గార్డు ఒక్కతే చెబుతోంది. ఇంకెవరైనా ఉంటే వారంలోపు తీసుకురండి. లేకపోతే రెండో ముద్దాయి మీద కేసు నిలవదు.”

రెండో ముద్దాయి ఆసామి. గార్డమ్మ పైన రాసిన పేరు ఛార్జిషీటులో కిందికి దిగింది.

*

ఆ సాయంత్రం కుళాయి దగ్గర గార్డమ్మ కాళ్లు కడుక్కుంటుంటే, పక్కనుంచి స్టీలు చెంబు వచ్చి నుదుటికి తగిలింది. చెంబుతో ఆగలేదు. తోటికోడలు జుట్టు పట్టుకుని తలను కుళాయి దిమ్మకేసి కొట్టింది.

“నా మొగుణ్ణి జైలుకి పంపి నువ్వు ఉద్యోగం చేసుకో! నీ కుక్కలకి పాలు పట్టు! మేమేం తినాలే? నీ చట్టాన్ని ఉడకేసుకుని తినాలా?”

గార్డమ్మ నుదుటినుంచి నెత్తురు కంట్లోకి కారుతోంది. ఆమె తిరిగి కొట్టలేదు. అలాగని ఊరుకోనూ లేదు. తోటికోడలి రెండు మణికట్లూ పట్టి గోడకి అదిమింది.

“కొట్టావుగా. ఇప్పుడు విను. మేత గంప మోసుకుని ఆ పొద్దున నువ్వు గట్టు మీదే ఉన్నావు.”

“నేను లేను.”

“ఉన్నావు. నా చెయ్యి విరిగినప్పుడు గంప కింద పడేశావు. నీ పేరు నేను కాగితంలో రాయలేదు. మరిది ఒక్కడితో సరిపోతుంది, ఇంట్లో ఇద్దర్ని కోర్టుకి ఎందుకు ఈడ్చాలని అనుకున్నాను. ఆ మెహర్బానీ వల్లే ఆసామి తప్పించుకుపోతున్నాడు.”

“అయితే?”

“అయితే నీ మొగుడు ఒక్కడే వెళ్తాడు. ఉచ్చు కొన్నవాడు, ఉప్పు పోయించినవాడు, కొట్టమన్నవాడు రేపటినుంచి ఇంకో కూలీ చేతికి తెడ్డు ఇస్తాడు. చంపినవాడికెంత శిక్షో చంపించినవాడికీ అంతే అని చట్టంలో రాసుంది. చెప్పేవాళ్లు ఉంటేనే ఆ రాసినదానికి విలువ.”

“చెబితే బతకనిస్తాడా?”

గార్డమ్మ కంట్లో నెత్తురు భుజానికి తుడుచుకుంది. అబద్ధమాడటం ఆమెకి ఇష్టం లేదు.

“తెలీదు,” అంది. “నన్ను కొట్టించాడు. నిన్నూ కొట్టించొచ్చు.”

తోటికోడలు చేతులు విదిలించుకుని లోపలికెళ్లి తలుపు వేసుకుంది. కుళాయి కింద నీళ్లు ఎర్రగా పారాయి.

*

గట్టు మీద ఇంకెవరున్నారో ఆసామికీ గుర్తుంది. మూడో రోజు రాత్రి ఎవరో తోటికోడలి ఇంటి తలుపు మీద కిరసనాయిలు పోసి అంటించారు. సగం తలుపు కాలింది. మంట ఆర్పింది ఇద్దరు ఆడవాళ్లే, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా. మరిది పెరట్లో కూలబడి మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. బకెట్టు చేత్తో పట్టుకునే అతని ముందు నిలబడి తోటికోడలు అంది: “పద్నాలుగేళ్లు చేశావు కదయ్యా వాడి దగ్గర. వాడిచ్చిన బోనసు ఇదా?”

వారం గడువు చివరి రోజున తోటికోడలు బోనెక్కింది. కూలికెళ్లే చీరే కట్టుకుంది. వకీలు దగ్గరగా వచ్చి నిలబడ్డాడు.

“మీ ఆయన్ని కాపాడుకోడానికే కదమ్మా ఆసామి పేరు చెబుతున్నావు?”

“ఆయన్ని కాపాడాలంటే ఆయన కొట్టలేదని చెప్పేదాన్ని. మూడు దెబ్బలు కొట్టాడు. మొదటిది నడుం మీద, రెండోది దవడ మీద, మూడోది తల మీద. అదీ రాసుకోండి. కొట్టమని చెయ్యి ఊపింది అదిగో, ఆ తెల్లచొక్కా ఆయన. బొరియ పూడ్చమన్నదీ ఆయనే. పిల్లలు అరుస్తున్నాయండి అని నేనే అన్నాను. నువ్వు గంప ఎత్తుకుని మేత చూసుకోమన్నాడు.”

ముద్దాయిల బోనులో ఉన్న మరిది మొదటిసారి తలెత్తి భార్య వంక చూశాడు. ఆసామి వాచీ చూసుకున్నాడు. మేజిస్ట్రేటు ఆ మాటలన్నీ తన చేత్తోనే రాసుకుని, తీర్పు దాకా ఇద్దరి బెయిలూ రద్దు చేశాడు. పోలీసులు ముందు ఆసామి దగ్గరికే వచ్చారు.

కోర్టు గేటు దగ్గర ఆసామి మనుషులు నలుగురు మోటారుసైకిళ్లకి ఆనుకుని ఉన్నారు. మెట్ల మీద గార్డమ్మ తోటికోడలి భుజం తాకబోయింది.

“నాతో మాట్లాడకక్కా. ఇంటికెళ్లాక కూడా మాట్లాడకు.”

“సరే.”

తోటికోడలు గేటు దాటింది. గార్డమ్మ లాఠీ చేతిలోకి తీసుకుని, పది అడుగులు వెనకగా ఆమె వెంట నడిచింది.